వరంగల్‌లో తక్కువ ఖర్చుతో డిజిటల్ వాయిస్ రిపీటర్: డబ్బు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న – హనుమకొండ నుంచి

పెద్దలందరికీ నమస్కారం. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో లైసెన్సు ఉన్న హ్యాములం (అభిరుచి కొద్దీ సొంత రేడియో నడిపేవారం) కొందరం కలిసి ఒక డిజిటల్ వాయిస్ రిపీటర్, అంటే ఒకరి మాటను అందుకొని దూరానికి తిరిగి పంపే స్టేషన్, పెట్టుకోవాలని అనుకుంటున్నాము. మాలో చాలామంది దగ్గర రెండు బ్యాండ్లలో (వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్), డీఎంఆర్ అనే డిజిటల్ పద్ధతిలో పనిచేసే హ్యాండ్‌సెట్లు ఉన్నాయి. ఇంట్లో చిన్న హాట్‌స్పాట్ (సెట్టును ఇంటర్నెట్‌కు కలిపే పెట్టె) పెట్టుకొని ఇంటర్నెట్ మీదుగా దూరదేశాల వారితో మాట్లాడుతున్నాము గాని, హంటర్ రోడ్డులో ఉన్న మిత్రుడు కాజీపేట దర్గా దగ్గర ఉన్న మిత్రుడితో నేరుగా మాట్లాడలేకపోతున్నాడు. మధ్యలో గుట్టలు, అపార్టుమెంట్లు అడ్డం వస్తున్నాయి.

ఈ ఆలోచన సరదా కోసం వచ్చింది కాదు. 2023 జూలై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఆ వానకే మోరంచవాగు పొంగి మోరంచపల్లి నీట మునిగింది. అలాంటి రాత్రి కరెంటు పోయి, సెల్ టవర్ల బ్యాటరీలు కూడా అయిపోతే, ఇంటర్నెట్ మీద బతికే హాట్‌స్పాట్ ఎవరికీ ఉపయోగపడదు. కనుక ఇంటర్నెట్ లేకపోయినా పనిచేసేది మాకు కావాలి.

అందరం కలిసి 40 వేల రూపాయల వరకు పోగుచేయగలము. రెండు యాంటెన్నాలు ఉండే డూప్లెక్స్ (ఒకేసారి వింటూ పంపగల) హాట్‌స్పాట్ బోర్డు ఇప్పటికే ఒకరి దగ్గర ఉంది. దానికి పది ఇరవై వాట్ల యాంప్లిఫయర్ తగిలించి, హనుమకొండలో ఒక నాలుగంతస్తుల భవనం మీద పెడితే రిపీటర్ అయిపోతుందని ఒకరు సలహా ఇచ్చారు. ఇది సరైన దారేనా? కాకపోతే ఇదే డబ్బుతో ఏమి చేయవచ్చో, ఏ భాగం మీద ఎక్కువ ఖర్చు పెట్టాలో అనుభవమున్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు – కరీంనగర్ నుంచి

తమ్ముడూ, మీ ఉద్దేశం చాలా మంచిది. ఆ సలహాను మాత్రం పక్కన పెట్టండి. ఎందుకో కొంచెం వివరంగా రాస్తాను. ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతా నిర్ణయాలన్నీ మీరే తీసుకోగలరు.

రిపీటర్ అంటే ఒకే సమయంలో వింటూ మాట్లాడే స్టేషన్. మీ ట్రాన్స్‌మిటర్ 10 వాట్లు పంపుతున్నదంటే అది ప్లస్ 40 డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే లెక్క ఇది, పది డీబీ పెరిగితే బలం పది రెట్లు). అదే పెట్టెలో, అదే స్తంభం మీద ఉన్న రిసీవర్ వినవలసిన హ్యాండ్‌సెట్ సిగ్నల్ మైనస్ 115, మైనస్ 118 డీబీఎం దగ్గర ఉంటుంది. రెండింటి మధ్య తేడా 150 డీబీకి పైమాటే. ఈ తేడాను తట్టుకునేలా ట్రాన్స్‌మిటర్‌ను, రిసీవర్‌ను ఒకదాని నుంచి ఒకటి వేరుచేయకపోతే, ప్రసారం మొదలైన మరుక్షణం రిసీవర్‌కు చెవుడు వస్తుంది. హ్యాములు దీనినే డెసెన్స్ అంటారు. హాట్‌స్పాట్ బోర్డులో ఉండే ఏడీఎఫ్7021 చిప్పు గదిలో నాలుగడుగుల దూరానికి 10 మిల్లీవాట్లతో పనిచేయడానికి సరిపోతుంది. పక్కనే బలమైన సిగ్నల్ ఉంటే దాన్ని వడకట్టే శక్తి ఆ రిసీవర్‌కు లేదు. దానికి యాంప్లిఫయర్ తగిలిస్తే గొంతు పెరుగుతుంది, చెవి మాత్రం ఇంకా మొద్దుబారుతుంది. కాజీపేటలో మీ రిపీటర్ గట్టిగా వినిపిస్తుంది, కాని కాజీపేట నుంచి మీరు పంపే మాట దానికి అందదు. డిజిటల్‌లో ఇది ఇంకా మోసం చేస్తుంది. ఎఫ్‌ఎంలో అయితే గరగర శబ్దం పెరుగుతూ ముందే హెచ్చరిస్తుంది. డీఎంఆర్‌లో బిట్ల తప్పులు ఐదు శాతం దాటేదాకా మాట బాగానే ఉండి, ఆ తరువాత ఒక్కసారిగా ముక్కలై ఆగిపోతుంది.

కాబట్టి నా అభిప్రాయం ఒక్కటే: ఈ రోజుల్లో డిజిటల్ భాగం చౌక, వేరుచేసే భాగం ఖరీదు. మీ 40 వేలలో సగానికి పైగా ఫిల్టరు, యాంటెన్నా, కేబుళ్లకే పోవాలి.

చౌకైన డిజిటల్ భాగం గురించి త్వరగా చెప్పి ముగిస్తాను. ఇంగ్లండుకు చెందిన జొనాథన్ నేలర్ రాసి అందరికీ ఉచితంగా ఇచ్చిన ఎంఎండీవీఎం సాఫ్ట్‌వేర్ మనకు చాలు. ఎస్‌టీఎం32 చిప్పు ఉన్న మోడెమ్ బోర్డు ఒకటి, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఒకటి, రెండు మామూలు ఎఫ్‌ఎం మొబైల్ సెట్లు ఉంటే డీఎంఆర్, డీ-స్టార్, యాసు కంపెనీ వారి సీ4ఎఫ్‌ఎం, పీ25, ఎన్‌ఎక్స్‌డీఎన్ అనే డిజిటల్ పద్ధతులన్నింటినీ ఆ ఒక్క పెట్టె నడిపిస్తుంది. కొనేటప్పుడు అది హాట్‌స్పాట్ బోర్డు కాదని, బయటి రేడియోలకు తగిలించే రిపీటర్ మోడెమ్ అని నిర్ధారించుకోండి. పేర్లు దగ్గరగా ఉంటాయి కాబట్టి చాలామంది పొరపడతారు.

సెట్లను ఎంచుకోవడంలో ఒక షరతు ఉంది. మైకు ద్వారా, స్పీకరు ద్వారా డిజిటల్ సిగ్నల్ నడవదు, ఎందుకంటే ఆ దారిలో ఉన్న ఆడియో ఫిల్టర్లు దాని ఆకారాన్ని చెడగొడతాయి. వెనుక 9600 డేటా పోర్టు ఉన్న సెట్టు కావాలి, లేదా డిస్క్రిమినేటర్ (రేడియో సిగ్నల్ నుంచి ఆడియోను వెలికితీసే భాగం) నుంచి నేరుగా ఆడియో తీయగల పాత కమర్షియల్ సెట్టు కావాలి. పాత మోటరోలా జీఎం300 లాంటివి ఇందుకు బాగా పనికొస్తాయి. కాని వీహెచ్‌ఎఫ్ సెట్టు కొనేటప్పుడు దాని బ్యాండ్ 146 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతుందా, 136 దగ్గర మొదలవుతుందా అని చూడండి. 146–174 రకం మన రెండు మీటర్ల బ్యాండ్‌కు (144–146) నేరుగా రాదు. పాత సెట్టును లైసెన్సు ఉన్న హ్యాము దగ్గరే, కాగితాలతో సహా కొనడం క్షేమం. 25 వాట్ల మొబైల్ సెట్టును 10 వాట్లకు తగ్గించి, వెనుక ఫ్యాను పెట్టి నడపండి. అది నిమిషం మాట్లాడి రెండు నిమిషాలు వినే వాడకానికి తయారైన వస్తువు, రిపీటర్‌లో మాత్రం అరగంట ఆగకుండా ప్రసారం చేయవలసి రావచ్చు.

ఎంత దూరం అందుతుందో అంచనాకు ఒక లెక్క ఉంది. రెండు యాంటెన్నాల ఎత్తులను మీటర్లలో తీసుకొని, వాటి వర్గమూలాలను కూడి, 4.12తో హెచ్చిస్తే రేడియో దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. నాలుగంతస్తుల మీద 15 మీటర్ల ఎత్తులో యాంటెన్నా, చేతిలో హ్యాండ్‌సెట్ మీటరున్నర ఎత్తులో అనుకుంటే సుమారు 21 కిలోమీటర్లు. నేల చదునుగా ఉంటేనే ఈ లెక్క. మూడు పట్టణాలకు అది సరిపోతుంది, ములుగుకు సరిపోదు. చుట్టుపక్కల కంటే వంద మీటర్లు ఎత్తున్న గుట్ట మీద పెడితే 46 కిలోమీటర్లు వస్తుంది. వాట్లు పెంచడం కంటే ఎత్తు పెంచడం ఎప్పుడూ లాభం.

జవాబు – కాజీపేట నుంచి

పై జవాబులోని ప్రతి మాటతో నేను ఏకీభవిస్తాను. అయితే వేరుచేసే భాగం విషయంలో మన దేశానికి ప్రత్యేకమైన ఒక చిక్కు ఉంది. దాన్ని చెప్పకుండా వదిలితే మీరు తప్పు వస్తువు కొంటారు.

విదేశీ వీడియోలలో చూపించే చిన్న ఆరు క్యావిటీల (లోహపు గొట్టం ఫిల్టర్ల) యూహెచ్‌ఎఫ్ డూప్లెక్సర్, అంటే ఒకే యాంటెన్నా మీద వినే, పంపే సిగ్నళ్లను వేరుచేసే పెట్టె, చౌకగానే దొరుకుతుంది. అది అరచేతి మందాన ఉండే పెట్టె. కాని ఇన్‌పుట్‌కు (రిపీటర్ వినే ఫ్రీక్వెన్సీ), అవుట్‌పుట్‌కు (పంపే ఫ్రీక్వెన్సీ) మధ్య 5 మెగాహెర్ట్జ్ లేదా అంతకంటే ఎక్కువ ఎడం ఉంటేనే దాని కాగితం మీద రాసినంతగా రెండింటినీ వేరుచేయగలదు. మన లైసెన్సులో యూహెచ్‌ఎఫ్ బ్యాండ్ 434 నుంచి 438 వరకే, అంటే మొత్తం బ్యాండే 4 మెగాహెర్ట్జ్. అందులోనూ 435 నుంచి 438 వరకు ఉపగ్రహాలకు కేటాయించిన భాగం. 2005లో ఇస్రో ప్రయోగించిన మన హ్యామ్‌శాట్ కూడా ఆ భాగంలోనే మన మాట విన్నది. అక్కడ రిపీటర్ పెట్టడం మర్యాద కాదు. మిగిలిన ఒక్క మెగాహెర్ట్జ్‌లో ఆ చిన్న డూప్లెక్సర్ ఎందుకూ పనికిరాదు. ఇక రెండు మీటర్ల బ్యాండ్‌లో 600 కిలోహెర్ట్జ్ ఎడంతో పెట్టాలంటే ఒక్కొక్కటి అర మీటరు పైన పొడవుండే పెద్ద క్యావిటీలు నాలుగో ఆరో కావాలి. కొత్తవి మీ బడ్జెట్‌లో రావు.

రెండు యాంటెన్నాలను ఒకే స్తంభం మీద ఒకదానిపై ఒకటి పెట్టడం మరొక దారి. నిలువు ఎడానికి ఒక సూత్రం ఉంది: ఎడాన్ని తరంగదైర్ఘ్యంతో భాగించి, దాని లాగరిథంను 40తో హెచ్చించి, 28 కలపాలి. యూహెచ్‌ఎఫ్‌లో 5 మీటర్ల ఎడానికి 62 డీబీ వస్తుంది. రెండు మీటర్ల బ్యాండ్‌లో 10 మీటర్లు ఎడం పెట్టినా 55 డీబీయే. ఇంత దగ్గరి ఫ్రీక్వెన్సీలకు అది సరిపోదు.

అందుకని నా సలహా వేరు. వినడం వీహెచ్‌ఎఫ్‌లో, ప్రసారం యూహెచ్‌ఎఫ్‌లో పెట్టండి. రెండింటికీ మధ్య 290 మెగాహెర్ట్జ్ ఎడం ఉంటుంది కాబట్టి క్యావిటీలు అక్కరలేదు. రెండు బ్యాండ్లను కలిపే మామూలు డైప్లెక్సర్ 60 డీబీ ఇస్తుంది, మిగతా పని రిసీవర్ ముందుభాగంలోని ఫిల్టర్లే చేస్తాయి. యాంటెన్నా కూడా రెండు బ్యాండ్లది ఒక్కటి చాలు.

దిక్కు మాత్రం మార్చకండి. వీహెచ్‌ఎఫ్‌లో ప్రసారం చేసి యూహెచ్‌ఎఫ్‌లో వింటే, 145 మెగాహెర్ట్జ్ మూడో హార్మోనిక్ (మూడు రెట్ల ఫ్రీక్వెన్సీలో అనవసరంగా పుట్టే సిగ్నల్) సరిగ్గా 435 మీద వచ్చి పడుతుంది, అంటే మీ సొంత రిసీవర్ పక్కనే. యూహెచ్‌ఎఫ్‌లో ప్రసారం చేస్తే ఈ బాధ లేదు. ఇన్‌పుట్‌ను 145.0కు పైన, 145.8కి కింద ఎంచుకోండి, 145.8 నుంచి ఉపగ్రహాలు మొదలవుతాయి, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మాట వినిపించేది కూడా అక్కడే. అవుట్‌పుట్ 434, 435ల మధ్య ఉంచండి. అప్పుడు మాట్లాడేవారి హ్యాండ్‌సెట్ మూడో హార్మోనిక్ 435 పైన పడుతుంది, పక్కనున్న శ్రోతను కూడా ఇబ్బంది పెట్టదు. 434కు ఆనుకొని 433.92 దగ్గర కారు తాళాల రిమోట్లు, కాలింగ్ బెల్లులు ఉన్నాయి. మనం అక్కడ వినడం లేదు కాబట్టి అవి రిపీటర్‌ను బాధించవు.

దీనికి మూల్యం ఏమిటంటే, ఒక రిపీటర్ రెండు బ్యాండ్లలో చోటు ఆక్రమిస్తుంది. ఒక బ్యాండ్ సెట్టు ఉన్నవారు వాడలేరు. ఒకే ఛానల్‌లో వీహెచ్‌ఎఫ్ పంపడం, యూహెచ్‌ఎఫ్ వినడం అన్ని డీఎంఆర్ సెట్ల ప్రోగ్రామింగ్‌లోనూ కుదరకపోవచ్చు. కనుక రూపాయి ఖర్చు పెట్టకముందే మీ అందరి హ్యాండ్‌సెట్లలో అలాంటి ఛానల్ రాసి, సెట్టు దాన్ని ఒప్పుకుంటుందో లేదో చూసుకోండి. ఈ పరీక్షకు ఖర్చు లేదు, మిగతా పథకమంతా దాని మీదే ఆధారపడి ఉంది.

కేబుల్ గురించి ఒక్క మాట. ఆర్‌జీ58 అనే సన్న కేబుల్ పేరు ఎత్తవద్దు. 20 మీటర్లకు యూహెచ్‌ఎఫ్‌లో ఏడెనిమిది డీబీ తినేస్తుంది, అంటే మీ 10 వాట్లలో యాంటెన్నాకు చేరేది రెండు వాట్ల లోపే. ఎల్‌ఎంఆర్400 అనే లావు కేబుల్‌లో నష్టం తక్కువే, కాని లోపల అల్యూమినియం రేకు మీద టిన్ను పూసిన రాగి అల్లిక ఉంటుంది. ఒకే కేబుల్‌లో వినడం, పంపడం రెండూ జరిగేటప్పుడు ఆ రెండు లోహాలు రాసుకున్న చోట చిటపట శబ్దం పుడుతుంది, గాలికి కేబుల్ ఊగినప్పుడు ఇంకా పెరుగుతుంది. సెల్ టవర్ల వాళ్లు వాడే అరంగుళం హార్డ్‌లైన్ దొరికితే అదే వేయండి. 20 మీటర్లకు ఒక్క డీబీ మాత్రమే పోతుంది, బయటి కవచం ఒకే రాగి గొట్టం కనుక శబ్దం పుట్టదు.

ప్రశ్న అడిగినవారి స్పందన

సార్, అన్నగారూ, ఇద్దరికీ కృతజ్ఞతలు. 434–438 సంగతి మాలో ఎవరూ ఆలోచించలేదు. డూప్లెక్సర్ ఆర్డరు పెట్టబోయి ఆపివేశాము. రెండు సందేహాలు మిగిలాయి. ఇంటర్నెట్ కలపకుండా ఈ సాఫ్ట్‌వేర్ నడుస్తుందా? గుట్ట మీద పెట్టే అవకాశం వస్తే కరెంటు, పిడుగులు, కోతుల విషయంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? కొత్త హ్యాండ్‌సెట్లలో డూప్లెక్సర్ అక్కరలేకుండా ఒకే ఫ్రీక్వెన్సీ మీద రిపీటర్‌గా పనిచేసేవి వచ్చాయని కూడా విన్నాము.

జవాబు – హనుమకొండ, మరొక సభ్యుడు

చివరి ప్రశ్నకు ముందు జవాబిస్తాను. డీఎంఆర్‌లో ఒక ఫ్రీక్వెన్సీని 30 మిల్లీసెకన్ల రెండు స్లాట్లుగా (వంతులవారీగా వచ్చే సమయ భాగాలుగా) విడగొడతారు. ఒక స్లాట్‌లో విని, రెండో స్లాట్‌లో తిరిగి పంపే ఏర్పాటు కొన్ని కొత్త సెట్లలో ఉన్న మాట నిజమే. వినడం, పంపడం ఒకేసారి జరగవు కాబట్టి డూప్లెక్సర్ అవసరం లేదు. వరద సహాయానికి వెళ్లినప్పుడు, లేదా మేడారం జాతరలో చెట్టు మీదికో డాబా మీదికో ఎక్కించి రెండు మూడు రోజులు వాడుకోవడానికి ఇది చక్కని సాధనం. పట్టణానికి శాశ్వత రిపీటర్‌గా మాత్రం హ్యాండ్‌సెట్టు వేడిని తట్టుకోలేదు, దాని రిసీవర్ కూడా గుట్ట మీది బలమైన సిగ్నళ్ల మధ్య నిలవదు.

సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్ లేకుండా నిక్షేపంగా నడుస్తుంది. సెట్టింగుల్లో డూప్లెక్స్ ఒకటి అని, డీఎంఆర్ నెట్‌వర్క్ సున్నా అని పెడితే రెండు స్లాట్లూ స్థానికంగా తిరిగి ప్రసారమవుతాయి. పది నిమిషాలకొకసారి కాల్‌సైన్‌ను (స్టేషన్ గుర్తింపు అక్షరాలను) మోర్స్‌లో పంపే ఏర్పాటు అందులోనే ఉంది, దాన్ని తప్పక ఆన్ చేయండి. ఎంఎండీవీఎంను సిద్ధంగా అమర్చి ఇచ్చే పై-స్టార్ సాఫ్ట్‌వేర్ వాడితే అది మెమరీ కార్డును రాయడానికి వీలులేకుండా ఉంచి నడుస్తుంది, కాబట్టి కరెంటు పదేపదే పోయినా కార్డు సులభంగా చెడిపోదు.

కరెంటు లెక్క ఇలా వేసుకోండి. రాస్ప్‌బెర్రీ పై, మోడెమ్, వింటూ ఉండే సెట్టు కలిపి 12 వోల్టుల దగ్గర సుమారు ఒక ఆంపియరు తీసుకుంటాయి. ప్రసారం జరిగేటప్పుడు మరో నాలుగు ఆంపియర్లు. రోజులో ఐదో వంతు సమయం ప్రసారం ఉంటుందనుకుంటే సగటు రెండు ఆంపియర్ల లోపే. మన ఇళ్లలో ఇన్వర్టర్‌కు వాడే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో సగమే ఖర్చు చేసినా ఒకటిన్నర రోజు నడుస్తుంది. ఇన్వర్టర్ ద్వారా 230 వోల్టులకు పెంచి మళ్లీ 12కు దింపకండి. బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యూజు వేసి ఇవ్వండి. ఆ ఛార్జరు, పక్కన ఉండే ఎల్‌ఈడీ దీపాల డ్రైవర్లు వీహెచ్‌ఎఫ్‌లో చాలా రొద చేస్తాయి. మీరు వినేది అక్కడే కాబట్టి స్థలం ఖరారు చేసే ముందు రాత్రి పూట, దీపాలు వెలుగుతున్నప్పుడు ఒక సెట్టు పట్టుకొని వెళ్లి ఆ ఫ్రీక్వెన్సీని వినండి.

పిడుగుల సంగతి తేలికగా తీసుకోవద్దు. మన గుట్టలు గ్రానైటు బండలు. రాడ్డు దిగదు, దిగినా ఎర్తు సరిగా రాదు. బండ మీదుగా రాగి పట్టీని కిందికి తెచ్చి, మొరం మట్టి దొరికిన చోట ఎడంగా రెండు మూడు గుంతలు తీసి, అన్నింటినీ కలపాలి. కేబుల్ పెట్టెలోకి వచ్చే చోట గ్యాస్ ట్యూబు అరెస్టర్ (పిడుగు కరెంటును ఎర్తుకు మళ్లించేది) పెట్టి, దాని ఎర్తును కరెంటు ఎర్తుతో కలపాలి. ఈ రెండు విడివిడిగా ఉంటేనే సెట్లు కాలిపోతాయి. ఏప్రిల్, మే నెలల గాలిదుమారాలకు ముందే ఈ పని పూర్తికావాలి.

కోతులు ఫైబర్ యాంటెన్నాను పట్టుకొని ఊగుతాయి, రబ్బరు టేపును పళ్లతో ఒలిచేస్తాయి. కేబుల్‌ను కనెక్టరు దాకా జీఐ పైపులో తీసుకురండి. స్తంభం పైన రెండు మీటర్లు వాటికి పట్టు దొరకకుండా నున్నగా వదలండి. స్టే వైర్లు ఆ ఎత్తుకు కిందనే ఆగాలి.

అనుమతి గురించి కూడా చెప్పాలి. సొంత స్టేషన్ లైసెన్సును చూపించి గుట్ట మీద రిపీటర్ నడపకూడదు. స్థలం, ఫ్రీక్వెన్సీలు, ప్రసార రకం, శక్తి వివరాలతో డబ్ల్యూపీసీకి (కేంద్ర టెలికాం శాఖలో రేడియో అనుమతులిచ్చే విభాగం) రాసి, లిఖితపూర్వకంగా అనుమతి వచ్చాకే ప్రసారం మొదలుపెట్టండి. ఇంటర్నెట్‌తో కలపాలనుకుంటే ఆ మాట దరఖాస్తులోనే స్పష్టంగా ఉండాలి. అనుమతి లేకుండా కలపవద్దు. హైదరాబాదులో 1983 నుంచి ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వారిని ముందుగా సంప్రదిస్తే దరఖాస్తు ఎలా రాయాలో తెలుస్తుంది. వరంగల్‌లోనే ఎన్ఐటీ ఉంది. ఎలక్ట్రానిక్స్ విభాగంలో స్పెక్ట్రమ్ అనలైజర్ మీద ఒక గంట సమయం అడిగితే ట్రాన్స్‌మిటర్ శుభ్రంగా ఉందో లేదో అక్కడే చూసుకోవచ్చు.

జవాబు – కరీంనగర్ నుంచి, మళ్లీ

పై మిత్రుడు చెప్పాల్సినవన్నీ చెప్పారు. పెట్టె గుట్ట ఎక్కకముందు బల్ల మీదే చేయవలసిన రెండు పనులు చెబుతాను.

ఒకటి, డీవియేషన్, అంటే ప్రసార ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ ఎంత ఊగుతుందన్న కొలత. ఎంఎండీవీఎంతో పాటు వచ్చే క్యాలిబ్రేషన్ ప్రోగ్రాములో డీఎంఆర్ డీవియేషన్ మోడ్ ఉంది. దానిలో టోను పంపుతూ, కంప్యూటర్‌కు తగిలించే ఒక చౌక ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ రిసీవర్ డాంగిల్‌తో తెర మీద చూడండి. ఆడియో స్థాయిని మెల్లగా పెంచుతూ పోతే మధ్యలోని క్యారియర్ గీత క్రమంగా కుంగి, ఒక చోట దాదాపు మాయమై, మళ్లీ లేస్తుంది. మొదటిసారి మాయమైన చోట ఆపండి, అక్కడ డీవియేషన్ కావలసిన 2.75 కిలోహెర్ట్జ్‌కు దగ్గరగా వచ్చినట్టు. చెవితో విని, బాగుందనుకొని వదిలేస్తే కొన్ని హ్యాండ్‌సెట్లకు వినిపించి కొన్నింటికి వినిపించని రిపీటర్ తయారవుతుంది.

రెండోది, చెవుడు పరీక్ష. యాంటెన్నా బిగించిన తరువాత ఒక మిత్రుణ్ణి వడ్డేపల్లి చెరువు కట్ట మీదికో, ఇంకా దూరానికో పంపి, తక్కువ పవరులో మాట్లాడమనండి. సాఫ్ట్‌వేర్ డ్యాష్‌బోర్డులో బిట్ల తప్పుల శాతం కనిపిస్తుంది, రాసుకోండి. ఆ తరువాత ట్రాన్స్‌మిటర్ కేబుల్‌ను డైప్లెక్సర్ నుంచి తీసి డమ్మీ లోడుకు (యాంటెన్నాకు బదులు శక్తిని వేడిగా మార్చేసేది) పెట్టి, అతన్ని కదలకుండా అక్కడి నుంచే మళ్లీ మాట్లాడమనండి. రెండు అంకెలూ దాదాపు సమానంగా ఉంటే మీ రిపీటర్ బాగా వింటున్నది. యాంటెన్నాకు కలిపినప్పుడు నాలుగు శాతం, డమ్మీ లోడు మీద అర శాతం వస్తే సాఫ్ట్‌వేర్‌ను ముట్టుకోకండి, మోడెమ్‌ను మార్చకండి. కనెక్టర్లు, డైప్లెక్సర్, కేబుల్ ఈ వరుసలో ఒక్కొక్కటి మార్చి చూడండి. ఆ రెండు అంకెలు వచ్చాక ఇక్కడ రాయండి, కలిసి చూద్దాము.